కట్టు విప్పాక వచ్చిన చూపు మళ్ళీ మసకబారితే?

“డాక్టరుబాబూ, ఆపరేషనైన కొత్తలో గోడ మీద క్యాలెండరులో తిథి, నక్షత్రం కూడా చదివాను. నెల దాటాక ఏమైందో గాని, అక్షరం మధ్యలో ఎవరో తడివేలు పెట్టి అలికినట్లుంటోంది. పక్కనున్నది కనిపిస్తుంది, చూడబోయినది కనిపించదు.”

ఈ మాట నాతో అన్నది ఒక రిటైర్డ్ టీచరమ్మగారు. వయస్సు 66. చక్కెర వ్యాధికి చాలాకాలంగా నా దగ్గరే మందులు తీసుకుంటున్నారు. కుడికంటికి శుక్లం తీయించుకుని అప్పటికి ఆరు వారాలు. నేను కంటి డాక్టరును కాను. ప్రభుత్వ ఆసుపత్రిలో అన్ని రకాల రోగులనూ చూసే మామూలు వైద్యుణ్ణి. ఆ రోజు ఓపీలో జనం కిటకిటలాడుతున్నారు. కన్ను పైకి చూశాను. ఎరుపు లేదు, ఊసు లేదు. నొప్పి లేదన్నారు. “ఆపరేషన్ బాగానే ఉందమ్మా. కళ్ళజోడు వేయించుకోండి, అదే సర్దుకుంటుంది” అని చెప్పి పంపేశాను.

ఆమె నా మాట నమ్మి జోడు వేయించుకున్నారు. సరిపడలేదని అద్దాలు మార్పించారు. నాలుగు నెలలు పోయాక మనుమరాలు చెయ్యి పట్టుకుని నడిపించుకు వస్తే గాని నా పొరపాటు నాకు తెలియలేదు. వెంటనే కంటి డాక్టరు దగ్గరకు పంపాను. ఆయన పరీక్షించి, “ఆపరేషన్‌లో లోపమేమీ లేదు. కంటి వెనుక పొరకు వాపు వచ్చింది. మొదటి వారాల్లోనే పట్టుకుని ఉంటే చుక్కల మందుతోనే తగ్గి ఉండేదేమో” అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు బాధించింది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. మీ ఇంట్లో ఎవరికైనా శుక్లం తీయించి ఉంటే, లేదా తీయించబోతూ ఉంటే, ఇది ఒకసారి ఓపికగా చదవండి.

కంటి లోపలి సంగతి

మన కంటిలో నల్లగుడ్డు వెనుక గాజుబిళ్ళ లాంటి కటకం ఒకటి ఉంటుంది. వయస్సు మీరిన కొద్దీ అది పాలుగారినట్లు మసకబారుతుంది. దానినే శుక్లం అంటున్నాము. ఆపరేషన్ చేసి మసకబారిన కటకాన్ని తీసివేసి, దాని స్థానంలో చిన్న కృత్రిమ కటకాన్ని అమరుస్తారు. ఇలాంటి కటకాన్ని మొట్టమొదట 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు అమర్చాడు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అనే ఆయన శబ్ద తరంగాలతో శుక్లాన్ని కంటిలోనే పొడిచేసి చిన్న గాటు ద్వారా పీల్చివేసే పద్ధతి కనిపెట్టాడు. ఈనాడు ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి రాగలుగుతున్నామంటే ఇలాంటి వారి కృషి వల్లనే.

అయితే కటకం ఎంత తేటగా ఉన్నా బొమ్మ పడేది కంటి వెనుక గోడకు అంటుకుని ఉన్న పలుచని పొర మీద. దానికి రెటీనా అని పేరు. తెలుగులో నేత్రపటలం అంటారు. ఆ పొర నడిమధ్యలో ‘పచ్చచుక్క’ ఉంటుంది. హైస్కూల్లో కన్ను బొమ్మ గీసి పచ్చచుక్క, అంధచుక్క అని గుర్తులు పెట్టిన సంగతి మీలో కొందరికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. డాక్టర్లు దీన్నే మాక్యులా అంటారు.

ఈ పచ్చచుక్క మొత్తం కందిబద్దంత ఉంటుంది. అందులో నిజంగా పదునైన చూపు ఉన్న భాగం ఆవగింజంత. అక్కడ రెటీనా మందం సుమారు పావు మిల్లీమీటరు. అంతే! అక్షరాలు చదవడం, సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, ఎదుటివారి ముఖం గుర్తుపట్టడం, నోటు చూసి చిల్లర లెక్కపెట్టడం అన్నీ ఆ ఆవగింజ చలవే. మిగిలిన రెటీనా అంతా పక్కలు చూడడానికీ, నడవడానికీ ఉపయోగపడుతుంది.

ఆ ఆవగింజంత చోట నీరు చేరి పొర ఉబ్బితే ఏమవుతుంది? టీచరమ్మగారు చెప్పినట్లు పక్కనున్నది కనిపిస్తుంది, చూడబోయినది కనిపించదు.

వాపు ఎందుకు వస్తుంది?

“ఆపరేషన్ చేసింది ముందు భాగంలో కదా, వెనుక పొరకు వాపేమిటి?” అని మీకు సందేహం కలగవచ్చు. న్యాయమైన సందేహమే.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి వాస్తుంది. గాయమైన చోట శరీరం కొన్ని రసాయనాలను తయారుచేస్తుంది. వాటిలో ప్రోస్టాగ్లాండిన్లు అనేవి ముఖ్యమైనవి. శుక్లం ఆపరేషన్ ఎంత నేర్పుగా చేసినా కన్నుకు అది గాయమే. అప్పుడు కంటి ముందు భాగంలో పుట్టిన ఈ రసాయనాలు కొద్దికొద్దిగా వెనుకకు చేరుతాయి. రెటీనాలోని సన్నని రక్తనాళాలు మామూలుగా చుక్క నీరు కూడా బయటికి పోనివ్వవు. ఈ రసాయనాలు సోకినప్పుడు వాటి గోడలు వదులై రక్తంలోని పలుచని ద్రవం ఊరుతుంది. ఊరిన ద్రవం పచ్చచుక్కలో చిన్న చిన్న తిత్తులుగా నిలుస్తుంది. ఒక గదిలో పైపు కారితే పక్క గది గోడకు చెమ్మ ఎక్కి సున్నం పొంగినట్లన్నమాట.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. శుక్లం తీసిన కొన్నాళ్ళకు కొందరికి చూపు తగ్గుతోందని 1953లో అమెరికా వైద్యుడు ఇర్వైన్ వివరించాడు. 1966లో గాస్ అనే మరో అమెరికా వైద్యుడు, ఆయన సహచరుడు చేతి నరానికి రంగు మందు ఎక్కించి ఫోటోలు తీసి, పచ్చచుక్కలో ద్రవం పూలరేకుల ఆకారంలో చేరడాన్ని చూపించారు. అందుకే దీనికి ఇర్వైన్-గాస్ జబ్బు అని పేరు వచ్చింది. ఆ రోజుల్లో కటకాన్ని సంచితో సహా మొత్తంగా లాగివేసేవారు. తర్వాత సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకోవలసి వచ్చేది. ఆ పద్ధతిలో ఈ వాపు ఎక్కువగా వచ్చేది. ఇప్పుడు వెనుక సంచిని అలాగే ఉంచి, చిన్న గాటుతో పని ముగిస్తున్నారు కనుక బాగా తగ్గింది. ఏ చిక్కూ లేకుండా జరిగిన ఆపరేషన్ తర్వాత చూపు తగ్గేటంత వాపు నూటికి ఒకరిద్దరికి మాత్రమే వస్తుంది.

నూటికి ఒకరిద్దరేగదా అని తీసిపారేయకండి. మన దేశంలో ఏటా లక్షల సంఖ్యలో శుక్లం ఆపరేషన్లు జరుగుతున్నాయి. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ఎందరో పేదలు ఉచితంగా చూపు పొందారు. తెలంగాణలో 2018లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనూ కంటి వెలుగు పరీక్షలు మొదలై ఊరూరా శుక్లాలున్న వారిని గుర్తించారు. అంతమందిలో నూటికి ఒకరంటే ఎన్ని వేల ఇళ్ళో లెక్కవేయండి.

ఎప్పుడు వస్తుంది?

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఈ వాపు కట్టు విప్పిన రోజున ఉండదు. వారం తర్వాత పరీక్షకు వెళ్ళినప్పుడూ సాధారణంగా ఉండదు. నాలుగు వారాల నుంచి పన్నెండు వారాల మధ్య వస్తుంది. ఎక్కువమందిలో నాలుగు, ఆరు వారాల మధ్య బయటపడుతుంది. అంటే దాదాపు ఒక మండలం రోజులన్నమాట. అప్పటికి ఇంట్లో అందరూ ఆపరేషన్ సంగతి మరిచిపోయి ఉంటారు. చుక్కల మందు సీసా అలమరలో మూలకు చేరి ఉంటుంది. “చూపు వచ్చింది కదా, మళ్ళీ బస్సు ఖర్చులెందుకు?” అని నెల తర్వాతి పరీక్షకు పెద్దవాళ్ళు వెళ్ళరు. పైగా నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. అందుకే రోగి మోసపోతాడు. ఒక్కొక్కప్పుడు నా వంటి డాక్టరు కూడా మోసపోతాడు.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

ఈ వాపు ఎవరికైనా రావచ్చు. అయితే కొందరికి అవకాశం ఎక్కువ:

చక్కెర వ్యాధి ఉన్నవారు. అందునా ఇదివరకే రెటీనా దెబ్బతిన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. వీరిలో చక్కెర వల్ల వచ్చే వాపు, ఆపరేషన్ వల్ల వచ్చే వాపు రెండూ కలగలిసి ఉండవచ్చు.

కంటి లోపల మంట, వాపు ఇదివరకు వచ్చి తగ్గినవారు. దీన్ని యువియైటిస్ అంటారు. ఎప్పుడో పదేళ్ళ క్రితం వచ్చినా సరే, డాక్టరుకు చెప్పాలి.

రెటీనా రక్తనాళం ఎప్పుడైనా మూసుకుపోయినవారు, పచ్చచుక్క మీద సన్నని పొర ఏర్పడినవారు.

ఆపరేషన్ సమయంలో కటకం వెనుక సంచి చినిగినవారు. ఎంతటి అనుభవజ్ఞుడి చేతిలోనైనా ఇది అరుదుగా జరుగుతుంది. అలా జరిగితే దాచకుండా చీటీ మీద రాసి ఇమ్మని అడగండి. అడగడం మీ హక్కు, అందులో తప్పు లేదు.

నీటికాసులకు కొన్ని రకాల చుక్కలు వాడేవారు. లాటనోప్రోస్ట్ వంటి మందులకూ ఈ వాపుకూ సంబంధం ఉండవచ్చునంటారు. అలాగని వాటిని మీ అంతట మీరు మానివేయకండి. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. మానాలో వద్దో కంటి డాక్టరే నిర్ణయించాలి.

మొదటి కంటికి ఆపరేషన్ తర్వాత ఈ వాపు వచ్చినవారు. రెండో కంటికి కూడా వచ్చే అవకాశం ఎక్కువ. కనుక రెండో కన్ను ఆపరేషన్ మరో ఊళ్ళో, మరో డాక్టరుతో చేయించుకున్నా మొదటి కంటి సంగతి చెప్పడం మరవకండి.

ఇంట్లోనే కనిపెట్టే ఉపాయం

గళ్ళ గళ్ళుగా ఉండే గోడ క్యాలెండరు మీ ఇంట్లో ఉండే ఉంటుంది. ఆపరేషన్ అయి రెండు వారాలు దాటాక, వారానికి రెండుసార్లు ఇలా చేయండి. పగటి వెలుతురులో కూర్చుని, దగ్గర చూపు జోడు ఉంటే పెట్టుకుని, క్యాలెండరును పుస్తకం చదివేటంత దూరంలో పట్టుకోండి. ఒక కంటిని అరచేతితో మూయండి. నొక్కవద్దు, ఊరకే కప్పితే చాలు. తెరిచిన కంటితో నడిమధ్య గడిలోని అంకెను చూస్తూ, చుట్టూ ఉన్న గీతలు ఎలా ఉన్నాయో గమనించండి. తర్వాత రెండో కంటితోనూ అలాగే చేయండి.

గీతలు వంకరపోయినా, అలల్లాగా కదిలినట్లున్నా, మధ్య గడి మసకగా గాని, మాయమైనట్లు గాని ఉన్నా, ఆపరేషన్ చేసిన కంటికి అక్షరాలు చిన్నవిగా, రంగులు వెలిసిపోయినట్లుగా కనిపించినా రెండు మూడు రోజుల్లో కంటి డాక్టరుకు చూపించండి. చదువురాని పెద్దవాళ్ళయితే కిటికీ ఊచలను చూడమనండి. ఊచలు వంగినట్లు కనిపిస్తే అదే గుర్తు.

రెండు కళ్ళూ తెరిచి చూస్తే ఈ తేడా తెలియదు. బాగున్న కన్ను రెండో కంటి లోపాన్ని కప్పిపుచ్చుతుంది. అందుకే ఒక్కొక్క కన్నే చూసుకోవాలి.

ఇంకొక చిన్న పరీక్ష. అట్టముక్కకు లావుపాటి గుండుసూదితో ఒక రంధ్రం చేసి అందులోంచి ఆ కంటితో చూడండి. రంధ్రంలోంచి అక్షరం తేటపడితే లోపం చాలావరకు కళ్ళజోడుతో సర్దుకునేదే. తేటపడకపోతే జోడు మార్చినందువల్ల లాభం ఉండదు, కంటి లోపల చూపించాలి. నేను ఆ రోజు ఈ రెండు నిమిషాల పని చేసి ఉంటే టీచరమ్మగారికి ఆ నాలుగు నెలలూ వృథా అయ్యేవి కావు. ఉబ్బిన గోడకు ఎన్నిసార్లు సున్నం కొడితే మాత్రం ఏం లాభం?

మసకకు వేరే కారణాలూ ఉన్నాయి

మసకబారిన ప్రతి కంటికీ ఈ వాపే అని భయపడనక్కరలేదు. ముఖ్యమైన వాటిని విడమరిచి చెబుతాను.

నెలలు, సంవత్సరాలు గడిచాక నెమ్మదిగా మసక వస్తే, కృత్రిమ కటకం వెనుకనున్న సంచి మసకబారి ఉండవచ్చు. “శుక్లం మళ్ళీ వచ్చింది” అని జనం అనేది దీన్నే. నిజానికి తీసిన శుక్లం మళ్ళీ రాదు. లేజరుతో కొద్ది నిమిషాల్లో దారి చేస్తారు, మళ్ళీ కోత అక్కరలేదు.

మొదటి కొద్ది రోజుల్లోనే కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, చూపు వేగంగా తగ్గుతుంటే అది చీము పట్టడం కావచ్చు. ఇది మహా ప్రమాదం. తెల్లవారేదాకా ఆగకండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఆ పూటే వెళ్ళండి.

కంటి ముందు మెరుపులు మెరిసినట్లు, నల్లని నుసి రాలినట్లు, ఒక పక్క నుంచి తెర దిగినట్లు ఉంటే రెటీనా ఊడుతున్నదేమోనని అనుమానించాలి. దీనికీ అదేరోజు వెళ్ళాలి.

వాపుకు ఇంత తొందర లేదు గాని, దానికీ ఒక గడువు ఉంది. రోజుల్లో వెళ్ళవలసినదాన్ని నెలలకు వాయిదా వేయకూడదు.

పరీక్షలంటే భయం వద్దు

కంటిలో చుక్కలు వేసి, కనుపాపను పెద్దది చేసి డాక్టరు రెటీనాను చూస్తారు. తర్వాత ఓసీటీ అనే స్కాను తీస్తారు. ఇది 1991లో వెలుగులోకి వచ్చిన విధానం. గడ్డం ఆనించి కూర్చుని ఒక వెలుగు వంక చూస్తే చాలు. సూది లేదు, నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. కొద్ది నిమిషాల్లో రెటీనాను నిలువుగా కోసి చూపినట్లు బొమ్మ వస్తుంది. ఎక్కడ నీరు నిలిచింది, మందం ఎంత పెరిగింది అన్నీ తెలుస్తాయి. తగ్గుతున్నదీ లేనిదీ కూడా దీనితోనే పోల్చి చూస్తారు. ఈ యంత్రం ప్రతి ఊళ్ళోనూ ఉండదు. పెద్ద కంటి ఆసుపత్రులలో ఉంటుంది. కనుక బొమ్మ కాగితాన్ని పారేయకుండా ప్రతిసారీ వెంట తీసుకువెళ్ళండి.

అవసరమనిపిస్తే చేతి నరానికి పసుపుపచ్చ రంగు మందు ఎక్కించి ఫోటోలు తీస్తారు. ఆ తర్వాత ఒకరోజు చర్మం, మూత్రం పచ్చగా ఉంటాయి. పచ్చకామెర్లు వచ్చాయని కంగారుపడకండి. ఇదివరకు ఏ మందైనా పడక దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

వైద్యం ఏమిటి?

ముందు ఒక ధైర్యవచనం. చాలామందిలో ఈ వాపు కొద్ది నెలల్లో తగ్గుతుంది, చూపు తిరిగి వస్తుంది. కొందరిలో మందు లేకుండా కూడా తగ్గుతుంది. మరి వైద్యం ఎందుకంటారా? ఎవరికి తనంతట తగ్గుతుందో, ఎవరికి నిలిచిపోతుందో ముందుగా చెప్పలేము. నీరు నెలల తరబడి నిలిస్తే చూపునిచ్చే కణాలు దెబ్బతింటాయి. ఆ తర్వాత నీరు ఇంకినా పోయిన పదును పూర్తిగా రాదు.

మొదట చుక్కల మందులే. ఇవి రెండు రకాలు. ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్ చుక్కలు ఒక రకం. కీటోరోలాక్, నెపాఫినాక్, బ్రోమ్‌ఫినాక్ వంటి స్టిరాయిడ్ కాని చుక్కలు రెండో రకం. ఇవి ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా అడ్డుపడతాయి. తరచు రెండూ కలిపి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు వేయవలసి ఉంటుంది. వారంలో గుణం కనిపించలేదని విసుగు చెందకండి. ఎక్కిన చెమ్మ ఆరడానికి కాలం పడుతుంది.

చుక్కలతో తగ్గకపోతే కంటి పక్కన స్టిరాయిడ్ ఇంజెక్షను ఇస్తారు. ఇంకా మొండిగా ఉంటే కంటి లోపలికే చాలా సన్నని సూదితో మందు ఎక్కిస్తారు. కంటిలో సూది అంటే గుండె జారుతుంది నిజమే. ముందుగా మత్తు చుక్కలు వేస్తారు కనుక మీరు ఊహించుకునేటంత నొప్పి ఉండదు. శుక్లం ముక్క లోపల మిగిలిపోవడం వంటి కారణం ఉంటే దాన్ని సరిచేయడానికి మరో ఆపరేషన్ అవసరం కావచ్చు. అది కొద్దిమందికే.

ఇక్కడ ఒక హెచ్చరిక. స్టిరాయిడ్ చుక్కలు రెండంచుల కత్తి. కొందరిలో ఇవి కంటి లోపలి ఒత్తిడిని పెంచుతాయి. పాత చీటీ చూపించి మందుల షాపులో సీసా మీద సీసా కొని వేసుకుంటే వాపు పోయి నీటికాసులు వచ్చే ప్రమాదం ఉంది. రెండో రకం చుక్కలూ కన్ను పొడిబారిన వారిలో అరుదుగా నల్లగుడ్డు మీది పొరకు పుండు చేస్తాయి. మంట, నొప్పి ఎక్కువైతే ఆపి వెంటనే చూపించండి. డాక్టరు చెప్పినన్నాళ్ళు వేయాలి. ఒక్కరోజు తక్కువా వద్దు, ఒక్కరోజు ఎక్కువా వద్దు.

చుక్కలు వేసే తీరు

మందు ఎంత మంచిదైనా చెంప మీద పడితే లాభం లేదు. ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. సీసా మీద ‘బాగా కదపవలెను’ అని ఉంటే కదపండి. కొన్ని మందులు అడుగున పేరుకుంటాయి. పెద్దవాళ్ళను పడుకోబెట్టి, కింది రెప్పను కొద్దిగా కిందికి లాగి, ఏర్పడిన దొప్పలో ఒక్క చుక్క వేయండి. సీసా మొన రెప్పకు, రెప్పవెంట్రుకలకు తగలకూడదు. తర్వాత కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను వేలితో రెండు నిమిషాలు మెల్లగా అదిమి ఉంచండి. రెండో మందు వేయాలంటే అయిదు నిమిషాలు ఆగండి. వెంటనే వేస్తే మొదటిది కొట్టుకుపోతుంది. సీసా మూత తీసిన తేదీ దాని మీద రాసి, నెల దాటితే పారేయండి.

ఆపరేషన్ తర్వాత ఇచ్చే చుక్కలు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, క్రమంగా తగ్గిస్తూ వేయాలి. పది రోజులకు ఎరుపు పోయిందని మానివేసేవారు మనలో చాలామంది. ఆ చుక్కలు ఎరుపు కోసమే అనుకోకండి, కంటి లోపలి మంటను చల్లార్చేవి కూడా అవే. ఏ రోజు ఎన్నిసార్లు వేయాలో ఒక కాగితం మీద గళ్ళు గీసి గోడకు అంటించండి. వేసినప్పుడల్లా పిల్లల చేత టిక్కు పెట్టించండి. మనుమలకు అదొక ఆట, తాతగారికి చూపు.

కొన్ని అపోహలు

“వంకాయ తిన్నందుకు వాచింది”, “పప్పు పడలేదు” అంటారు. తిండికీ ఈ వాపుకూ సంబంధం లేదు. పథ్యం పేరుతో పెద్దవాళ్ళను చారునీళ్ళ మీద ఉంచకండి. చక్కెర వ్యాధి ఉన్నవారు తమ ఆహార నియమం పాటిస్తే చాలు.

“టీవీ చూసినందుకు వచ్చింది”, “చదివినందుకు వచ్చింది” అనేవీ నిజం కావు. పెద్దావిడ రెండు పేజీలు చదువుకుంటే ఆ కన్నుకు చెడేమీ జరగదు.

“చలవ చేస్తుంది” అని తేనె, ఆముదం, చనుబాలు, ఆకుపసర్లు కంట్లో వేయడం మాత్రం మహా తప్పు. వాపు తగ్గకపోగా చీము పట్టే ప్రమాదం ఉంది.

“ఆపరేషన్ పాడైపోయింది, ఇక మా ఖర్మ ఇంతే” అని ఊరుకోవడం వీటన్నిటికంటే పెద్ద అపోహ. ఈ వాపు రావడం చేసిన డాక్టరు తప్పూ కాదు, చేయించుకున్న మీ తప్పూ కాదు. వచ్చాక పట్టించుకోకపోవడమే తప్పు.

ఆపరేషన్‌కు ముందే

చక్కెర వ్యాధి ఉన్నవారు శుక్లం తీయించుకునే ముందు చక్కెరను అదుపులోకి తెచ్చుకోండి. రెటీనా ఎలా ఉందో చూడమని డాక్టరును అడగండి. వీలుంటే పచ్చచుక్క స్కాను ముందే తీయించుకోవడం మంచిది. ఉన్న వాపుకు ముందు వైద్యం చేసి తర్వాత శుక్లం తీయవచ్చు. అవకాశం ఎక్కువ ఉన్నవారికి డాక్టరు ఆపరేషన్‌కు ముందు నుంచే వాపు రాకుండా చుక్కలు మొదలుపెడతారు. వాడుతున్న మందులన్నీ, కంటి చుక్కలతో సహా, ఒక సంచిలో వేసి పట్టుకువెళ్ళి చూపించండి.

ఊళ్ళో పిల్లలు దగ్గర లేని తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. “అమ్మా, కన్ను ఎలా ఉంది?” అని ఫోనులో అడిగితే “బాగానే ఉందిరా, నువ్వు దిగులుపడకు” అంటారు. పిల్లలకు ఖర్చు, శ్రమ అని వారి బెంగ. అలా అడగకండి. “ఆపరేషన్ చేసిన కంటితో క్యాలెండరు గడులు తిన్నగా కనిపిస్తున్నాయా?” అని అడగండి. ఆ ప్రశ్నకు తప్పించుకునే జవాబు చెప్పలేరు. ఆపరేషన్ తేదీకి మండలం రోజులు లెక్కపెట్టి, క్యాలెండరు మీద ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. ఆనాటికి చూపు బాగున్నా సరే, కంటి డాక్టరుకు చూపించి రండి.

టీచరమ్మగారి సంగతి అడుగుతారేమో. చుక్కలు వేశారు, చాలినంత గుణం కనిపించక కంటి పక్కన ఇంజెక్షను ఇచ్చారు. మూడు నెలలకు వాపు ఇంకింది. పత్రికల్లో శీర్షికలు, పెద్దక్షరాల పుస్తకాలు చదువుకోగలుగుతున్నారు. చిన్న అక్షరాలు మాత్రం ఆ కంటికి ఇప్పటికీ అందవు. తర్వాత ఎడమకంటికి శుక్లం తీయించుకున్నారు. ఈసారి చక్కెర అదుపులో పెట్టుకుని, ముందే చుక్కలు మొదలుపెట్టి, అయిదో వారంలో స్కాను కూడా తీయించారు. వాపు లేదు.

ఆ స్కాను కాగితం నాకు చూపించడానికి వచ్చిన రోజు నా బల్ల మీదున్న మందు సీసా అందుకుని, కుడికన్ను మూసి, దాని మీది సన్నని అక్షరాలు గడగడా చదివారు. నేను చేతులు జోడించి, “మొదటిసారి నేను సరిగా చూడలేదమ్మా” అన్నాను. “పోనీలెండి బాబూ, ఇంకొకరికైనా చెప్పండి” అన్నారు.

అందుకే చెబుతున్నాను.